మంచిదైపోయిన మిరపకాయ

ఇటుకల బట్టీలో బండి తోలే ఆయన గుర్రానికి బట్టీవాళ్లు పెట్టిన పేరు మిరపకాయ. పక్కన నిలబడినవాడి భుజం కొరకనిదే దానికి తోచేది కాదు. పట్టీ బిగించడం మాట అలా ఉంచి, దాని ముందు తుమ్మాలన్నా భయమే. అలాంటిది ఉన్నట్టుండి సాధువైపోయింది. చంటిపిల్ల చెవి లాగినా తలొంచుకుని ఊరుకుంటోంది.

బండాయన సంతోషానికి పట్టపగ్గాల్లేవు. "కొట్టి కాదురా, బుజ్జగించి దారికి తెచ్చుకోవాలి" అని టీ కొట్టు దగ్గర వారం రోజులు ఒకటే గొప్పలు. తన గొప్ప తన చెవిన పడుతుంటే ఆయనకు ఎదురుగా ఉన్నది కనబడదు. భార్యకు కనబడింది. "దాని వాలకం నాకు నచ్చలేదయ్యా. గడ్డి సగం వదిలేస్తోంది" అని పోరి పోరి పశువుల డాక్టరమ్మను పిలిపించింది.

ఆ పెద్దావిడ గుర్రం పెదవి ఎత్తి చూపించింది. చిగుళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి.

"ఇది మంచితనం కాదు నాయనా, కామెర్లు. కాలేయం దెబ్బతింది. వారం ముందే పిలవాల్సింది."

బండాయన తనూ వంగి ఆ చిగుళ్లకేసి చూశాడు.

డాక్టరమ్మ సూది వేసింది, బండి కట్టొద్దంది. నేల ఉసిరి మొక్కను వేళ్లతో సహా నూరి, నీళ్లలో కలిపి రెండు పూటలా పట్టమంది. "పది రోజుల్లో తేరుకోకపోతే మాత్రం ఆశ పెట్టుకోకండి" అంది.

బట్టీ గోడ వెంబడి మొలిచే ఆ మొక్క కోసం ఆయన రోజూ మోకాళ్ల మీద పాకాడు. భార్య నూరింది. నాలుకకు తగిలితే ముఖం వంకర్లు తిరిగేంత చేదు. మిరపకాయ మాత్రం గుటుక్కున మింగేసేది. అది ఎంత బుద్ధిగా తాగితే ఆయనకు అంత దిగులు. "నీకు ఒంట్లో బాగోలేకపోతే నేను మురిసిపోతూ కూర్చున్నానే" అని దాని మెడ పట్టుకుని ఏడ్చేవాడు.

తొమ్మిదో రోజు పొద్దున మందు పోసే గొట్టం నోటి దగ్గర పెట్టగానే మిరపకాయ పళ్లు బిగించింది. బతిమాలాడు. తల విదిలించింది. మందంతా ఆయన నెత్తిన పడి గడ్డం మీదుగా కారింది.

ఆయన పకపకా నవ్వుతూ ఇల్లెగిరిపోయేలా కేకేశాడు.

"ఏమే! ఉన్నపళంగా రా! తాగనంటోంది! చేదని తెలిసిపోయింది దీనికి!"

భార్య నూరేది వదిలేసి పరిగెత్తుకొచ్చింది. కళ్లు తుడుచుకుంటూనే కసిరింది. "ఆ నవ్వుడేంటయ్యా? గట్టిగా పట్టుకో. నా ఒక్కదాని వల్ల అవుతుందా?"

ఆ పూట గిన్నెడు మందు పట్టడానికి ఇద్దరికీ గంట పట్టింది. అంత హాయైన గంట ఈ మధ్య ఆ ఇంట్లో గడవలేదు.