ఆముదం సీసా

బాలుర హోమ్ వంటగదిలో జక్రయ్య మిరపకాయలు నేలమీద గుమ్మరించి, కాళ్ళు బార్లా చాపుకుని ముచ్చికలు తీస్తున్నాడు. ఇరవై ఆరేళ్ళ కొలువు. మోకాళ్ళు అరిగాయి, గరిటె తిప్పీ తిప్పీ మణికట్టు వాచింది. తప్పు చేసొచ్చిన పిల్లలు ఎందరో అతని చేతి అన్నం తిని వెళ్ళారు. ఒక్కడైనా మళ్ళీ వచ్చి పలకరించిన పాపాన పోలేదు. పోనీలే, ఇలాంటి చోటికి మళ్ళీ రాకపోవడమే మేలు.

గుమ్మం పక్కన మాలిక్ గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. పర్చూరు దగ్గరివాడు, పదిహేనేళ్ళు. ఆసామి కల్లంలో మిర్చి కుప్పకు నిప్పు పెట్టాడు. వచ్చి నలభై రోజులైంది. నిద్ర లేదు, నోట మాట లేదు. కౌన్సెలర్ శాంతి మేడం అడిగీ అడిగీ అలిసిపోయింది. మధ్యాహ్నం జువెనైల్ బోర్డు ముందు కూడా నోరు విప్పకపోతే, కక్షతోనే చేశాడనుకుని ఎక్కడో దూరపు హోమ్‌కి పంపేస్తారట. జక్రయ్యకి వాడి తరఫున చెప్పాలనే ఉంది. వంటవాడి మాట వినేదెవరు?

"ఆముదం రాసుకోలేదే తాతా?"

జక్రయ్య చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"చేతులు మండుతాయి," అన్నాడు మాలిక్, కాయల వంకే చూస్తూ.

ఆ మాట గుర్తుచేసే పెళ్ళాం పున్నమ్మ పోయి తొమ్మిదేళ్ళు. జక్రయ్య నిదానంగా లేచి, అలమరలోంచి ఆమె వాడిన సీసా తెచ్చాడు.

"నువ్వే రాయి మరి. ఎవరు నేర్పార్రా నీకు?"

వాడు ముసలి అరచేతుల్లో ఆముదం పోసి వేలువేలుకీ రుద్దాడు. "ఆ కల్లంలో ముచ్చికలు తీసొస్తే అమ్మకి నేనే రాసేవాణ్ణి. అయినా తెల్లార్లూ మంటలని ఏడ్చేది. కుప్ప లేకపోతే పనికి పోదు గదా అనుకున్నా."

ఓరి పిచ్చి సన్నాసీ. ఈ కల్లం కాకపోతే ఇంకో కల్లానికి పోతుందిరా కూలిమనిషి. ఆ మాట పైకి అనలేకపోయాడు జక్రయ్య.

"ఇదే మేడంకి చెప్పు. పక్కన నేనుంటా."

చెప్పాడు. మేడంకీ, తర్వాత బోర్డుకీ, నేలచూపులు చూస్తూ, జక్రయ్య జిడ్డు చెయ్యి వదలకుండా చెప్పాడు. వారం వారం డాక్టరుకి చూపించాలన్న షరతుతో సాయంత్రం వాణ్ణి తల్లి జానీబీకి అప్పగించారు. ఆమె చేతులు చూసి జక్రయ్య ఆ సీసా వాడి సంచిలో పెట్టాడు. వాడు మంచినీళ్ళు తాగొస్తానని ఒకసారి వంటగదిలోకి వెళ్ళొచ్చాడు. ఆటో మలుపు తిరిగేదాకా జక్రయ్య గేటు దగ్గరే నిలబడ్డాడు.

లోపలికొచ్చి మిగిలిన కాయల పని పట్టబోయాడు. గోతాం మూతి మీద, చెయ్యి పెడితే ముందు అదే తగిలేట్టు, పున్నమ్మ ఆముదం సీసా పెట్టి ఉంది.