పళ్ళెంలో ఆరు చిల్లులు

అమెరికాలో మా ఆర్కన్సా కొండల్లో మగవాళ్ళకి ఒక మర్యాద ఉంది. ఆడమనిషి చేతికి ఏది ఇచ్చినా తేలికపాటిదే ఇస్తారు. తేలిక గొడ్డలి, తేలిక బకెట్టు. గొడ్డలి దిగదు, బకెట్టు రెండింతల సార్లు మోయాలి. అయినా మర్యాద మర్యాదే.

మా అన్న కూతురు వీటా తుపాకీ కొనుక్కునేటప్పుడూ అదే జరిగింది.

హైవే మలుపులో ఓపలీన్ నడిపే హోటలు ఉంది. ఆవిడకి మోకాళ్ళు అరిగిపోయాయి. చాలా ఏళ్ళుగా అక్కడ పళ్ళ కేకులు వండుతున్న వీటాకే హోటలు అప్పజెప్తానంది. వీటా ఆ తాళంచెవి కోసం ఎదురుచూస్తోందని మా దగ్గర పశువులకి కూడా తెలుసు. చిక్కల్లా ఒకటే. తెల్లవారకముందే వెళ్ళి ఒంటరిగా తలుపు తీయాలి. కిందటి చలికాలం ఎవడో వెనక తలుపు గునపంతో పెకలించి పోయాడు. వీటా మొగుడు హార్లన్‌కి అప్పటినుంచీ అదే దిగులు.

"నడుముకి రివాల్వర్ ఉండాలి. అందులో పట్టినన్ని తూటాలూ ఈ పళ్ళెంలో పడాలి. అప్పుడు తాళంచెవి తీసుకో. పడలేదా, ఓపలీనత్తకి వద్దని చెప్పేయ్" అన్నాడు. పళ్ళెం అంటే వీటా కేకులు వండే రేకు పళ్ళెమే. దూరం, నా ట్రక్కు పొడవు. ఓపలీన్ ఆదివారం వరకే ఆగుతానంది. ఆ తరువాత పెట్రోలు బంకు వాళ్ళకి అమ్మేస్తుంది.

శనివారం పొద్దున్నే నా పచ్చికలో, మట్టిగట్టు ముందు పళ్ళెం వేలాడదీశాం. హార్లన్‌కి అన్నయ్య అయిన డూయీ ఒక పెట్టె మోసుకుని దిగాడు. డూయీ దాణా కొట్టు వెనక గదిలో తుపాకులు అమ్ముతాడు. మాటలు కూడా అక్కడే టోకున తయారవుతాయేమో అనిపిస్తుంది నాకు.

"చూడు వీటా, నీకోసమే పుట్టింది ఇది" అని పిడికిట్లో దాగిపోయే బుల్లి రివాల్వర్ తీశాడు. "ఐదు పడతాయి. బరువుందా? లేదు. జేబులో వేసుకుంటే రుమాలనుకుంటావ్."

"రుమాలు కావాలంటే రుమాలే కొనుక్కుంటాను కదా, బావగారూ."

"ఆ వెటకారమే వద్దనేది. పట్టుకో ముందు."

చెవులకి మూతలు పెట్టుకుని వీటా కాల్చింది. ఆ బుల్లిది గాడిదలా తన్నింది. మొదటిది పళ్ళెం అంచుకి తగిలింది. మిగిలిన నాలుగూ గట్టు మట్టిలోకి పోయాయి. వీటా అరచెయ్యి దులుపుకుంది. బొటనవేలి మొదట్లో తోలు లేచింది.

"కాస్త అలవాటు కావాలి" అన్నాడు డూయీ.

"ఆడవాళ్ళ మణికట్టు కదా" అన్నాడు హార్లన్. తప్పుగా అనలేదు, బాధపడుతూనే అన్నాడు. "పోనీలే వీటా. వంటింట్లో కేకులు వండుకోవచ్చుగా."

వీటా దవడ బిగుసుకుంది. మా అన్నకూ ఆ అలవాటే ఉండేది. కోపం వచ్చిందంటే ముందు దవడకే తెలిసేది.

నేను కంచె మీద కూర్చుని ఆమె చేతినే చూస్తున్నాను. తూటా పేలకముందే గొట్టం కిందికి వంగుతోంది. తన్నబోతుందని చేతికి ముందే తెలిసిపోయింది. మా నాన్న మాకు ఈ జబ్బు కుదర్చడానికి ఒక పని చేసేవాడు. పేలిపోయిన తూటా గుల్లలు, మంచి తూటాలు కలిపి నింపి, ఏది ఎక్కడుందో చెప్పకుండా ఇచ్చేవాడు. గుల్ల వంతు వస్తే టక్కుమని ఊరుకుంటుంది. అప్పుడు చెయ్యి ఏం చేస్తోందో అందరికీ కనిపిస్తుంది.

"వీటా, ఇలా రా" అన్నాను. చెవిలో ఆ సంగతి చెప్పాను.

ఆమె తల ఊపింది. గడ్డిలోంచి గుల్లలు ఏరి జేబులో వేసుకుంది. తరువాత నవ్వు మొహంతో మొగుడి దగ్గరికి వెళ్ళింది. "నువ్వొకసారి కాల్చి చూపించవూ? నాకు పట్టు తెలుస్తుంది. నేనే నింపి ఇస్తాలే."

హార్లన్ టోపీ వెనక్కి తోసి నిలబడ్డాడు. నిలబడటం మాత్రం చూడముచ్చటగా ఉంది. మొదటిది పేలింది, పళ్ళెం ఊగింది. రెండోది టక్కుమంది. తుపాకీ పేలలేదు గానీ, గొట్టం మాత్రం చేపని చూసిన కొంగలా నేలలోకి ముక్కు పెట్టింది.

నా ఆవు ఒకటి దగ్గింది.

"అన్నయ్యా, నువ్వు చూడలేదుగా?" అన్నాడు హార్లన్.

"హైవే మీద పోయేవాడు కూడా చూశాడు" అన్నాడు డూయీ.

"మగవాళ్ళ మణికట్టు కదా" అంది వీటా.

హార్లన్ ఎర్రబడ్డాడు, తరువాత పగలబడి నవ్వాడు. అతనిలో నాకు నచ్చేది అదే. బుల్లిదాన్ని ఖాళీ చేసి డూయీ పెట్టెలో పడేసి, "ఇది రుమాలు కాదన్నయ్యా, కందిరీగ. ఇంకేమున్నాయి నీ దగ్గర?" అన్నాడు.

"ఉన్నదొకటి. పాతది. అంతా ఉక్కు. ఆడవాళ్ళకి బరువని తియ్యలేదు."

"ఆడవాళ్ళు పిండి బస్తా ఎత్తేటప్పుడు ఎక్కడుంటారు బావగారూ మీరు?" అంది వీటా.

అడుగున గుడ్డలో చుట్టి ఉంది. నలుపు అరిగి అంచులు తెల్లబడ్డాయి. కర్ర పిడి. వీటా చేతిలోకి తీసుకుని ఒకసారి కిందికీ పైకీ ఆడించింది. పెనం కొనేటప్పుడు కూడా అలాగే చూస్తుంది. ఖాళీగానే గట్టు వైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కింది. గొట్టం కదల్లేదు.

"ఇందులో ఆరు పడతాయి" అన్నాడు హార్లన్. "ఐదుతో సరిపెట్టుకోమంటావా?"

"పట్టినన్నీ అన్నావు. ఆరే."

ఆ రోజు నాలుగు పడ్డాయి. హార్లన్ మాట మార్చలేదు, ఆమె బతిమాలనూ లేదు. సాయంత్రం వరకు గుల్లలు కలిపి నింపుకుంటూ, టక్కుమన్నప్పుడల్లా తన చేతిని తనే తిట్టుకుంటూ కాలుస్తూనే ఉంది. చెయ్యి నెమ్మదిగా మాట విన్నది.

ఆదివారం చర్చి అవ్వగానే అందరం మళ్ళీ నా పచ్చికలో చేరాం. ఓపలీన్ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. హార్లన్ కొత్త పళ్ళెం కట్టాడు. వీటా లంగా అంచు బురదలో పడకుండా పక్కకి దోపుకుని, తొందర లేకుండా కాల్చింది. డూయీ లెక్కకి వేళ్ళు మడుస్తున్నాడు. హార్లన్ వెళ్ళి పళ్ళెం విప్పి, ఎండకి ఎత్తి పట్టుకున్నాడు. ఆరు చుక్కల వెలుగు అతని చొక్కా మీద పడింది.

"నా నోటికి తాళం పడింది" అన్నాడు.

ఓపలీన్ నవ్వి వీటాని గట్టిగా కావలించుకుంది. అప్పటికే వీటా రివాల్వర్‌ని కుడి నడుము మీద ఒరలో పెట్టి పైన కోటు వేసుకుంది. ఓపలీన్ చెయ్యి టక్కున ఆగింది.

"పిచ్చిపిల్లా, ఇక్కడా పెట్టేది? మన ఊళ్ళో కావలించుకోనివాడెవడు? అందరి చెయ్యీ పడేది ఇక్కడే. ఇంకాస్త వెనక్కి జరుపు."

"నీకెలా తెలుసు ఓపలీనత్తా?" అన్నాడు డూయీ.

ఆవిడ స్వెట్టరు కొస కొంచెం ఎత్తింది. పాత తోలు ఒర, అందులో ఉక్కు రివాల్వర్. వీటాది పక్కన పెడితే అక్కచెల్లెళ్ళంటారు.

"ప్రతి ఆదివారం నన్ను కావలించుకుంటున్నావు కదరా డూయీ. నీకెప్పుడైనా తగిలిందా?"

డూయీ టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. మాటల టోకు కొట్టు మూసినట్టయింది.

తాళంచెవి వీటా చేతిలో పడింది. సోమవారం తెల్లవారుజామున నేను కాఫీకని వెళ్ళేసరికి లైటు వెలుగుతోంది, కేకు వాసన రోడ్డు దాకా వస్తోంది. హార్లన్ కుర్చీ ఎక్కి గుమ్మం పైన ఆ పళ్ళెం తగిలిస్తున్నాడు. మేకు కొట్టడానికి వేరే చిల్లు పెట్టాల్సిన పని లేకపోయింది.