జప్తుకు ఏది చూపించాలి

...అయినా కుర్చీ ఏం చేసింది పాపం, అనుకున్నాడు బైండింగ్ షాపు యజమాని, కాలవల శాఖ ఇంజనీరు గదిలో నిలబడి. కాలవ పనుల్లో షాపు గోడ కూల్చినందుకు ప్రభుత్వం మీద దావా గెలిచాడు. గోడకు పరిహారం వచ్చింది. కోర్టు ఖర్చులు మాత్రం రాలేదు. ఆ ఖర్చులు అక్కవి. ఇంటికి ఇంకో గది వేసుకుందామని దాచుకున్నదంతా వకీలుకు కట్టింది. "గెలిస్తే వాళ్లే ఇస్తారక్కా" అన్నాడు. గెలిచాక అక్క ఉండే వీధికే వెళ్లడం మానేశాడు. అక్క ఒక్కసారీ అడగలేదు. అడిగితే కోపమైనా తెచ్చుకునేవాడు.

చివరికి ఆ ఇంజనీరు ఆఫీసు సామాను జప్తు చేసి ఆ ఖర్చులు రాబట్టుకోమని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది.

"ఏం తీయాలో నువ్వే చూపించాలి నాయనా. నా అంతట నేను ముట్టుకోను" అన్నాడు జప్తు చేయడానికి వెంట వచ్చిన కోర్టు అమీనా.

ఈ క్షణాన్ని ఎన్నిసార్లు ఊహించుకున్నాడో! ఇంజనీరు కుర్చీ వైపు వేలు చాపాడు.

ఇంజనీరు లేవలేదు. "ఇది నా సొంతమయ్యా. నడుం నొప్పికని ఇంటి నుంచి తెచ్చుకున్నా."

"అయితే కుదరదు. ఆఫీసుదే కావాలి" అన్నాడు అమీనా.

చుట్టూ కూర్చున్న గుమాస్తాలు కిసుక్కుమన్నారు. ఇన్నాళ్లూ తను పగబట్టింది ఎవరి ఇంటి కుర్చీ మీదో! చాపిన చెయ్యి దించితే ఓడిపోయినట్టే ఉంటుందని, దాన్నలాగే పక్కకు తిప్పాడు. మూలనున్న కంప్యూటర్ దగ్గర ఆగింది.

అమీనా వైరు పీకబోయాడు.

"ఆగండాగండి!" పెద్ద గుమాస్తా లేచాడు. "అందులో మా జీతాల బిల్లులున్నాయండీ బాబూ!"

"మరి ఇతనికి ఇవ్వాల్సింది ఎందులో ఉంది?" అన్నాడు అమీనా.

ఎవరూ నవ్వలేదు. సంతకానికి నెలల తరబడి దొరకని పెన్ను ఇంజనీరు జేబులోనే దొరికింది. బల్ల మీది టీ చల్లారేలోగా చెక్కు చేతికొచ్చింది.

వీధిలోకి వచ్చాక సంతోషం కోసం చూశాడు. అది రాలేదు. భుజాలు మాత్రం వాటంతటవే కిందికి జారాయి. ఇన్నాళ్లూ వాటిని బిగబట్టుకుని తిరిగానని అప్పుడే తెలిసింది. కాళ్లు షాపు వైపు తిరగలేదు.

అక్క ఇంటి తలుపు తెరిచే ఉంది. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు. ఆలస్యమైందని చెప్పాలా, ముందు చెక్కు ఇవ్వాలా, బావ ఉంటే ఏమనాలి? దారంతా ఇవే కూర్చుకుంటూ వచ్చాడు.

చెప్పులు విడిచి, "అక్కా" అని పిలిచాడు.