చీటీలు తీసిన గ్లాసులు

నా భార్య పోయిన నాలుగో నెలలో, ఆమె గ్లాసుల్లోంచి చీటీలు తీసి ఒక పొరపాటు చేశాను.

అవి తాగడానికి ఉంచుకున్న గ్లాసులు కావు. సరస్సు ఒడ్డున మూడు వందల గదులతో ఒక పెద్ద హోటల్ ఉండేదట. మేం పుట్టకముందే కాలిపోయింది. అక్కడ దిగినవాళ్లు గుర్తుగా కొనుక్కెళ్లిన ఎర్ర గాజు గ్లాసులివి. మీద బంగారు రంగులో హోటల్ బొమ్మ ఉంటుంది. పాత సామాన్ల సంతలూ, ఇళ్లు ఖాళీ చేసేవాళ్ల గుమ్మాలూ ముప్పై ఏళ్లు తిరిగి ఆమె ఇరవై ఆరు పోగుచేసింది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి దగ్గర దొరికిందో రాసిన చీటీ ప్రతి గ్లాసులోనూ ఉండేది.

ఊరి గ్రంథాలయంలో పాత వస్తువుల గది తెరుస్తున్నారు. ఆ గది చూసే పెద్దాయన సంతలో మా ఆవిడకి పోటీదారు. ఏ వస్తువు కనిపించినా ముందు జేబులోంచి అద్దం తీస్తాడని ఆమె ఆయనకి భూతద్దం అని పేరు పెట్టింది. చీటీలతో సహా కనీసం ఇరవై నాలుగు ఇస్తే విడిగా ఒక బీరువా, దాని మీద ఆమె పేరు. తగ్గితే మిగతా వస్తువులతో కలిపేస్తారు, పేరుండదు. పోయేముందు ఆమె అడిగింది ఆ బీరువా ఒక్కటే.

ఆమె చేతిరాత కోడి గీతలు. నేనేమో ముప్పై రెండేళ్లుగా పిల్లల చేత నోటుపుస్తకాలు తిరగరాయిస్తున్నవాణ్ణి. చీటీలన్నీ బయటికి తీసి, తేదీల వారీగా పేర్చి, గుండ్రటి అక్షరాలతో తిరగరాశాను. గ్లాసులు దుమ్ముపట్టి ఉంటే కడిగి బోర్లించాను. ఆరాక చూస్తే ఇరవై ఆరూ ఒక్కలాగే ఉన్నాయి, ఏ చీటీ దేనిదో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే మా వదిన వచ్చింది. నా భార్యకి అక్క.

"మరిదిగారూ, ముప్పై ఏళ్లు దాని నోరు భరించారు. చేతిరాత భరించలేకపోయారా?"

"చూసేవాళ్లకి చదవడం కష్టమని..."

"మీ బళ్లో పిల్లలు ఎలా బతుకుతున్నారో ఏమో," అంటూ కళ్లజోడు పెట్టుకుని కూర్చుంది.

ఒక్కో గ్లాసునీ కిటికీ వెలుగులో తిప్పి చూశాం. అంచు పెచ్చు లేచింది, అడుగున గాలిబుడగ, బొమ్మలో ఎడమ బురుజు చెరిగింది అని చాలా చీటీల్లో ఉంది. మధ్యాహ్నానికి ఇరవై కుదిరాయి. మిగిలిన ఆరు చీటీల్లో గ్లాసు గురించి ఏమీ లేదు. ఒకదానిలో తేదీ, చోటు, అమ్మినవాళ్ల పేరు, వాటి కింద ఇంతే ఉంది: "వాన. ఇవాళ ఆయన కూడా వచ్చారు."

"ఆరు గ్లాసులు, ఆరు చీటీలు. ఒక్కోదాంట్లో ఒకటి వేసేయండి. తప్పని చెప్పడానికి అది వస్తుందా ఏంటి?" అనేసి వదిన మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

వేసేశాను. పెద్ద పనేం కాదు.

నాలుగింటికి భూతద్దం దూది పరిచిన పెట్టెతో వచ్చాడు. చీటీ చదవడం, గ్లాసు చూడడం, పెట్టెలో పెట్టడం. ఇరవై అయ్యాయి. ఇరవై ఒకటోది చదివి నవ్వాడు.

"ఓహో, మాస్టారూ! మీరు కూడా సంతకి వచ్చారన్నమాట. ఇదేనా ఆ రోజుది?"

అవునంటే సరిపోయేది. వదిన నా మీద కళ్లెర్రజేసింది.

"తెలియదండీ," అన్నాను. "ఈ ఆరూ అందాజుగా పెట్టినవి."

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి, అద్దం మడిచి జేబులో వేసుకున్నాడు. "నేను అడగలేదనుకోండి. ఇంకో నాలుగు చాలు. చెల్లెమ్మ పేరు మాస్టారూ."

మా ఆవిడ పగిలినదాన్ని పగిలిందనే రాసిన మనిషి. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన ఇరవై తీసుకుని వెళ్లిపోయాడు.

"ఒక్క పేరు," అంది వదిన. "అది అడిగిందే అదొక్కటి. నిజం చెప్పడానికి ఇవాళే దొరికిందా మీకు?"

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ అడిగేటప్పటికి గొంతులో కోపం అయిపోయింది.

"అయినా ఆ రోజు మీరు పక్కనే ఉన్నారు కదా. ఏ గ్లాసు కొందో చూడలేదా?"

"వానకి ఒక రేకు కింద బెంచీ మీద కూర్చున్నాను. పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. దొరికిందండీ అంటూ తెచ్చి చూపించింది. బాగుంది అన్నాను. తలెత్తలేదు."

వదిన మిగిలిన ఆరు గ్లాసుల్నీ ఒకదాని పక్కన ఒకటి జరిపింది.

"ఎన్ని పేపర్లు?" అంది చివరికి.

"నలభై రెండు."