వల వదిలేటప్పుడు మాటలుండవు

సోమశిల జలాశయం ఒడ్డున ఉన్న ఆ పల్లెలో వల వదిలేటప్పుడు ఎవరూ మాట్లాడరు. మాట్లాడితే చేప పడదని నమ్మకం. పుట్టి అనే గుండ్రటి బుట్టపడవలో ఆలుమగలు ఇద్దరే ఉంటారు. ఆమె తెడ్డేస్తుంది, అతను వల వదులుతాడు. వలను తేల్చే బెండ్లలో చివరిది నీళ్ళలో పడ్డాకే నోరు విప్పుతారు.

రోశమ్మ, వెంగయ్య పదహారేళ్ళుగా ఒకే పుట్టిలో పోతున్నారు. ఈ మధ్య వల సరిగా పడటం లేదు. ఒకచోట లాగినట్టు బిగుసుకుని, ఇంకోచోట చుట్టుకుని ఉంటోంది. పొద్దున్నే వల తీసేటప్పుడు వెంగయ్య భార్యను తిట్టేవాడు.

"తెడ్డేస్తా నిద్రపోతావా ఏంది? నేను వదలకముందే పుట్టిని లాగేస్తా ఉండావు."

"నా తెడ్డుకేం రోగం? నీ చేతులే మొద్దుబారినాయి."

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం చివరి బెండు కూడా పడింది. ఇంటికి పదమని వెంగయ్య అనలేదు. రోశమ్మ తెడ్డు ఆపి చూసింది. అతని కళ్ళు తెరిచే ఉన్నాయి. ఏదో నములుతున్నట్టు పెదాలు కదులుతున్నాయి. కుడిచేతి వేళ్ళు లుంగీ అంచును పీకుతున్నాయి. ఆమె రెండుసార్లు పిలిచింది. భుజం తట్టింది. పలకలేదు. ఒక నిమిషం పైనే అలా ఉండి, తల తిప్పి చుట్టూ చూశాడు.

"వల వదలాల గదా, ఆపినావెందుకు?" అన్నాడు.

వల వదిలేసి ఉంది.

నాలుగు రోజులకు అన్నం ముందు కూర్చుని మళ్ళీ అలాగే ఆగిపోయాడు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మర్నాడు పల్లెకు ఏఎన్ఎం భారతి వచ్చింది. రోశమ్మ ఆమెను పక్కకు పిలిచి చెప్పింది.

"కింద పడినాడా? కాళ్ళు చేతులు కొట్టుకున్నాడా?" అని అడిగింది భారతి.

"లేదమ్మా. కూర్చున్నోడు కూర్చున్నట్టే ఉండాడు. అంటే ఫిట్స్ కాదు గదా?"

"పడకపోయినా ఫిట్స్ కావచ్చు. కాకపోనూ వచ్చు. అది తేల్చాల్సింది నేను కాదు, ఆత్మకూరులో డాక్టరమ్మ. నువ్వు కూడా పో. చూసినోళ్ళు చెప్తేనే తెలిసేది. అందాకా ఆయన్ని నీళ్ళ మీదికి పోనీబాక."

"మధ్యలో మళ్ళీ వస్తే?"

"గట్టిగా పట్టుకోబాక. పొయ్యి, నీళ్ళు దగ్గర లేకుండా చూడు. పడిపోతే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టు. నోట్లో ఏమీ పెట్టబాక, చేతిలో తాళాలు పెట్టబాక. టైము చూడు. ఐదు నిమిషాలు దాటితే 108కి చెయ్యి."

ఆ సాయంత్రం రోశమ్మ తెడ్డు ముట్టుకోలేదు, డాక్టరుకు చూపించేదాకా ముట్టనంది. వెంగయ్య అరిచాడు, బతిమాలాడు, మళ్ళీ అరిచాడు. ఒక్కడే తెడ్డేస్తూ వల వదలడం కుదరదు. ఏ రోగమూ లేదని డాక్టరు చేతే చెప్పిస్తానని పందెం కట్టినట్టు ఒప్పుకున్నాడు. మర్నాడు ఇద్దరూ మోటారుసైకిలు మీద ఆత్మకూరు వెళ్ళారు.

డాక్టరు రేణుకాదేవి ఏమైందని మొదట అతన్నే అడిగింది.

"నాకేం కాలేదమ్మా. ఈమెకు అనుమానం జబ్బు. చూస్తే ఆమెనే చూడాల."

డాక్టరు నవ్వి రోశమ్మ వైపు తిరిగింది. రోశమ్మ చూసింది చూసినట్టు చెప్పింది. వెంగయ్య రెండుసార్లు అడ్డం వచ్చాడు.

"నేనక్కడే ఉండా గదమ్మా, నాకు తెలీకుండా ఎట్లా జరుగుతుంది?"

"జరిగేటప్పుడు మీకు తెలివి ఉండకపోవచ్చు. ఆమెను చెప్పనీండి. మొత్తం ఎన్నిసార్లమ్మా?"

రోశమ్మ రెండని చెప్పబోయి ఆగింది. వల వదిలేటప్పుడు ఆమె అతని ముఖం చూడదు, వదులుతున్న వైపు చూసి తెడ్డేస్తుంది. అతను పలకకపోతే అది ఆ వేళకు ఉండాల్సిన తీరే.

"రెండుసార్లు కళ్ళారా చూసినానమ్మా. వల దగ్గర ఎన్నిసార్లు వచ్చిందో చెప్పలేను. మూడు నెలలుగా వల వంకరగానే పడతా ఉండాది. ఈయన చేతులు ఆగిపోతే నేను తెలీక పుట్టిని ముందుకు తోసేదాన్నేమో."

 వెంగయ్య, "మొన్న అయితే రెండుచోట్ల బిగుసుకుని ఉండింది," అన్నాడు, డాక్టరుతో కాదు, భార్యతో.

"ఫిట్స్ అని అనుమానం ఉంది. నెల్లూరులో న్యూరాలజిస్టు చూడాలి, ఈఈజీ తీయాలి, ఎమ్మారై కూడా అవసరం కావచ్చు," అంది డాక్టరు. "మళ్ళీ వస్తే, ఆయన సురక్షితంగా ఉంటే ఫోనులో వీడియో తీయి. తేలేదాకా పుట్టి ఎక్కకూడదు. చెరువులో ఈత కూడా వద్దు. ఇక్కడికి దేనిమీద వచ్చారు?"

"బండి మీద," అన్నాడు వెంగయ్య.

"ఎవరు నడిపారు?"

అతను చేతిలో ఉన్న బండి తాళం చెవిని జేబులో వేసుకున్నాడు. డాక్టరు చీటీ రాసి ఇచ్చింది. "బస్సులో పోండి," అంది.

ఆసుపత్రి ముందు వెంగయ్య బండి దగ్గర నిలబడ్డాడు. సోమశిల దాకా దారి అతనికి కొట్టినపిండి. రోశమ్మ వెనక సీటు ఎక్కలేదు, కొంగు సర్దుకుని దూరంగానే ఉంది.

"ఇంతదూరం వచ్చినాం గదా, ఏమైంది?" అన్నాడు.

"ఏమైందో నీకు తెలీదు గదయ్యా."

అతను బండిని గోడవారగా నిలిపి తాళం వేశాడు. రేపు వెంగయ్య తమ్ముడు కోటేశ్వర్‌ని పంపి తెప్పించుకోవాలని అనుకున్నారు. ఇద్దరూ బస్టాండుకు నడిచారు.

"పుట్టిలోనే వచ్చి నీళ్ళలో పడుంటే?" అన్నాడు వెంగయ్య.

"పట్టుకోవాలన్నా నాకు చెయ్యి అందేది కాదు," అంది రోశమ్మ. "నేను అటు వైపు కూర్చుంటా గదా."

అతను తల ఊపాడు. నెల్లూరు బస్సు ఎన్నింటికో బస్టాండులో విచారణ కిటికీ దగ్గర తనే వెళ్ళి అడిగాడు.