తిప్పన్న సౌండ్, రాయచూరు

మా నాన్న తిప్పన్న గొప్పలు చెప్పుకోవడంలో ఎవరికీ తీసిపోడు. నలభై ఏళ్ల కిందట ఈ రాయచూరులో, మా ఇంటి ముందు గదిలో వాల్వ్ ఆంప్లిఫయర్లు చేసి అమ్మాడు. ప్రతిదాని మీదా ఇత్తడి రేకు, దాని మీద ‘తిప్పన్న సౌండ్, రాయచూరు’. ఇంట్లో పాటలు వినడానికి డాక్టర్లు, వకీళ్లు నెలల తరబడి ఎదురుచూసి మరీ కొనేవారట. కూతురిని కదా, ఆ కథ వెయ్యిసార్లు విన్నాను. అందులో ఒక్కసారైనా మా అమ్మ హనుమవ్వ పేరు రాలేదు. అందుకే ఆ కథంటే నాకు ఒళ్లు మంట.

మొన్న ఆదివారం బెంగళూరు నుంచి జయతీర్థ అనే ఆయన వచ్చాడు. మన దేశంలో ఖరీదైన ఆడియో సెట్లు చేసినవాళ్ల చరిత్ర రాస్తున్నాడు. నాన్న అమ్మిన ఆంప్లిఫయర్ ఒకదాన్ని పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. స్వరం నాణ్యమంతా దానికి రాగి తీగ చుట్టడంలోనే ఉందని, ఇంత సన్నటి పని రాయచూరులో చేత్తో జరిగిందంటే నమ్మలేకపోతున్నానని కన్నడంలో మర్యాదగానే అన్నాడు. చుట్టి చూపిస్తే పుస్తకంలో పేరు వేస్తాడు. లేదంటే ‘బయట కొన్న భాగాలతో బిగించినది’ అని రాస్తాడు.

"నా చేత్తోనే చుట్టిన," అన్నాడు నాన్న రొమ్ము విరుచుకుని.

తీగ చుట్టే పాత చేతి యంత్రం ముందు కూర్చున్నాడు. వెంట్రుకంత రాగి తీగ మొదటి వరసలోనే తెగింది. రెండోసారి చిక్కుపడింది. మూడోసారి ఎన్ని చుట్లయ్యాయో మరిచిపోయాడు. జయతీర్థ కలానికి మూత పెట్టేశాడు.

అమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి చూస్తోంది. నేను ఆగలేకపోయాను. "ఇంక ఎన్నేండ్లు నోరు మూసుకుంటవమ్మా?" అన్నాను.

అమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంది. "జర జరుగుండ్రి," అంది నాన్నతో.

గుప్పెడు చింతగింజలు తెచ్చుకుంది. వంద చుట్లకొక గింజ పళ్లెంలో వేయడం ఆమె లెక్క. ఆమె చుడుతున్నప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు, పొయ్యి మీద కుక్కర్ కూడా పెట్టకూడదు. చిన్నప్పటి నుంచీ మాకది కట్టుబాటు. వరసకూ వరసకూ మధ్య పలచటి కాగితం వేస్తూ, వేలికొనతో తీగను సర్దుతూ, డెబ్బై ఏళ్ల మనిషి మధ్యాహ్నం దాకా తల ఎత్తలేదు. ఆఖరి గింజ పడ్డాక నాన్న దాన్ని బిగించి టంకం పెట్టాడు. ఆ పని ఆయనదే, కాదనను.

"ఇప్పుడు పెట్టుండ్రి," అంది అమ్మ.

పాట మొదలైంది. గాయని గొంతెత్తే ముందు తీసుకున్న ఊపిరి కూడా వినిపించింది. తబలా మీద వేళ్లు విడివిడిగా తెలిశాయి. జయతీర్థ లేచి నిలబడ్డాడు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

నాన్న ఆంప్లిఫయర్ మీది ఇత్తడి రేకును వేలితో తుడిచాడు. "చుట్టిందంత ఆమెనే సార్. ఒక్కటి గూడ నేను చుట్టలే," అన్నాడు. ఆ ఒక్క మాట కోసం నేను ఎన్నేళ్లుగా కాచుకున్నానో.

జయతీర్థ కలం తీసి, రాస్తూ పైకి చదివాడు. "తయారీ: తిప్పన్న, ఆయన శ్రీమతి."

"అట్ల గాదు సార్," అంది అమ్మ. "శ్రీమతి అంటే ఎవరికి తెలుస్తది? నాకు పేరుంది. హనుమవ్వ అని రాయుండ్రి. ముందు రాయుండ్రి."

ఆయన కొట్టేసి మళ్లీ రాశాడు. ముందు హనుమవ్వ అనే రాశాడు.