భయం కొలిచిన పది రోజులు

1973 వేసవిలో గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయిలో గ్యాస్ పరీక్షించే పనికి ట్రెయినీగా చేరాను. కమాన్‌పూర్ దగ్గర మా ఊరు. మా ఇంట్లో బీఎస్సీ దాకా వచ్చినవాణ్ణి నేనే. చేరిన మూడో నెలలో ఒకరోజు, నేను నిలబడి అప్పుడే పక్కకు జరిగిన చోట, పైకప్పు నుంచి మంచమంత బండ ఊడిపడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మర్నాడు బాయి మూతి దగ్గరికి పోగానే నా కాళ్లు ఆగిపోయాయి.

దవాఖానలో డాక్టరుగారు గుండె చూశారు, ఊపిరి చూశారు, ఏ లోపమూ లేదన్నారు. ఆయన చెప్పింది నిజమే. అయినా నేనే నోట్‌బుక్కు పెట్టి నాడి లెక్క రాశాను. గదిలో డెబ్బై నాలుగు, బాయి మూతి దగ్గర నూట పన్నెండు. అంకె దొరికింది గానీ దిగే ధైర్యం దొరకలేదు. పది రోజులు సెలవిచ్చారు. అది దాటితే నా పని పోయినట్టే. ఊళ్లో ఉన్న మా బాపుకు ఈ సంగతి చెప్పలేదు.

నాకు పని నేర్పే సర్దారు మొగిలి కాక. షిఫ్టుకు ముందు తన క్వార్టరు వెనక గోనెసంచి పరుచుకుని అరగంట కళ్లు మూసుకుని కూర్చునేవాడు. ఎవరో గురువు దగ్గర నేర్చుకున్నాడట. కొత్తలో నేను వెటకారం చేశాను, "కాకా, లోపల ఏమున్నదో కొలిచి చూపెట్టరాదు?" అని. నవ్వి సంచి దులుపుకున్నాడు.

ఆరో రోజు సాయంత్రం ఆయనే నా గదికి వచ్చాడు.

"ఏంది బీఎస్సీ సాబ్, బాయి నీ మొకం మర్చిపోతంది."

నోట్‌బుక్కు చూపించాను. తిప్పి చూసి పక్కన పెట్టాడు.

"గ్యాస్ ఎట్ల చూస్తవ్, చెప్పు?"

"దీపం వత్తి తగ్గించి చూస్త. గ్యాసుంటే మంట మీద నీలం టోపీ కనవడ్తది."

"వత్తెందుకు తగ్గించుడు?"

"మంట పెద్దగుంటే టోపీ కనవడది గద."

"మరి? నీ వత్తి బగ్గ మండుతంది కొడుకా. నేను సదివినోన్ని, నాకు భయమేంది, బాపుకేం జెప్పాలె... గింత మంటల భయమెట్ల కనవడ్తది?"

"గ్యాస్ కనవడితే బయటికి ఉరుకుతం గద కాకా?"

"ఎక్కువుంటే ఉరుకుతం. ఎంతుందో చూడకముందే ఉరుకుతమా?"

మర్నాడు ఆయన పక్కన కూర్చున్నాను. అలవాటు కొద్దీ వేళ్లు మణికట్టు మీదికి పోయాయి. కాక కళ్లు తెరవకుండానే అన్నాడు, "చెయ్యిడువు. నాడి ఏడికి పోదు."

"లెక్కపెట్టకపోతే ఎట్ల తెలుస్తది?"

"ముందు చూడు. లెక్క తర్వాత. రెండూ ఒక్కసారి చేస్తే రెండూ చెడ్తయ్."

నాలుగు రోజులు కూర్చున్నాను. భయం గొంతు కింద బొగ్గుపొడి ముద్దలా ఉండేది. చూస్తుంటే గట్టిపడేది, పలచబడేది, మళ్లీ గట్టిపడేది. అంతకు మించి వింతేమీ జరగలేదు.

పదో రోజు మస్టరులో హాజరు వేయించుకుని, బాయి మూతి దగ్గర ఒక దుంగ మీద అయిదు నిమిషాలు కూర్చుని ఆ భయాన్నే చూశాను. తర్వాత గడియారం పెట్టి నాడి పట్టుకున్నాను. నూట పన్నెండు. ఒక్కటీ తగ్గలేదు. నేను చదివిన చదువు ప్రకారం నాలో మార్పేమీ రానట్టే. అయినా లేచాను. కాళ్లు కదిలాయి. కాక ముందు నడుస్తున్నాడు, ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. బొగ్గు కొట్టే చోటికి చేరి, వత్తి తగ్గించి చూశాను. టోపీ లేదు. "గ్యాస్ లేదు కాకా" అని చెప్పాను. మాట సరిగ్గానే వచ్చింది.

నాడి కొట్టుకోవడం ఒకటి, దాన్ని చూస్తున్నది ఇంకొకటి. ఆ రెండోదాన్ని ఏ గడియారంతో కొలవాలో నాకు ఈనాటికీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడటం లేదు. నచ్చని అంకెను దిద్దకుండా ఉన్నదున్నట్టు రాయడం కాలేజీ నేర్పింది. ఆ అంకెతోనే ముందుకు నడవడం కాక నేర్పాడు. ఆ కాలేజీకీ, కాకకూ చేతులెత్తి మొక్కుతాను.

ఆ రోజు షిఫ్టు అయిపోయి పైకి వస్తూ కాకకు అంకె చెప్పాను.

"అయితే భయం పోలేదా?"

"పోలే కాకా. నాతోనే దిగింది, నాతోనే ఎక్కుతంది."

"మంచిగనే ఉన్నది" అన్నాడు కాక, చెమట తుడుచుకుంటూ. "రేపు దానికి గూడ మస్టరేయించు."